యాన్యువల్ రిపోర్టులతో నాలుగేళ్లు

నాలుగేళ్ల కిందట కోరమంగళలో ఒక వారాంతపు క్లాసుకు 18,000 కట్టాను. రెండు రోజుల్లో బ్యాలెన్స్ షీట్ చదవడం వచ్చేస్తుందన్నారు. ఇరవై రేషియోలు బట్టీ పట్టించి పంపారు. ఇంటికొచ్చి ఒక కంపెనీ రిపోర్టు తెరిస్తే 280 పేజీలు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ తర్వాత నాకొచ్చిన నాలుగు ముక్కలూ బీఎస్ఈ (బాంబే స్టాక్ ఎక్స్ఛేంజి) సైటులో ఉచితంగా దొరికే యాన్యువల్ రిపోర్టులు నేర్పినవే. ఈ సమీక్ష వాటి గురించే.

మొదటి దెబ్బ అంకెల దగ్గరే తగిలింది. మన బెంగళూరు కంపెనీలే కదా అని ఇన్ఫోసిస్‌నీ విప్రోనీ పోల్చబోయాను. ఇన్ఫోసిస్ లెక్కలు కోట్లలో ఉంటాయి, విప్రోవి మిలియన్లలో. అది చూసుకోకుండా ఎక్సెల్లో వేస్తే విప్రో అమ్మకాలు ఇన్ఫోసిస్‌కి కొన్ని రెట్లు తేలాయి! పది మిలియన్లయితే ఒక కోటి. పట్టిక పైన మూలన చిన్న అక్షరాల్లో ఉండే ఆ ముక్క చూడందే ఇప్పుడు కిందికి దిగను.

రెండో దెబ్బ జేబుకి తగిలింది. లాభం ఏటా పెరుగుతోందని ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. నాన్న ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు బట్టల కొట్టు నడిపిన మనిషి. మారతహళ్లిలో మా ఇంటికి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో ఆ లాభాలు చూపించి గొప్పలు పోయాను. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అమ్మకం సరేలేరా, వసూలు ఎంతొచ్చె?" అన్నాడు.

నగదు నిజంగా ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చూపే క్యాష్ ఫ్లో పేజీ తీశాం. లాభం 40 కోట్లు. వ్యాపారం మీద చేతికొచ్చిన నగదు మైనస్ 12 కోట్లు. ఇక లెక్కల వెనక ఉండే వివరణల్లో (వాటినే నోట్స్ అంటారు) బాకీల పేజీ వెతికాం. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు తమకు రావలసిన బాకీలను వయసు వారీగా చూపించాలి: ఆర్నెల్ల లోపువి, ఏడాది లోపువి, అలా మూడేళ్లు దాటినవాటి దాకా. ఆ చివరి గడిలో అంకె ఏడాదిలో రెట్టింపైంది. నాన్న కళ్లద్దాలు సవరించుకుని, "ఇవి రావు నాయనా. మన ఆవర్జాలో ఎర్రసిరాతో రాసుకుండేది ఇట్లాంటివే" అన్నాడు. నేను వింటేగా? ఇంకో ఆర్నెల్లు పట్టుకుని కూర్చుని, కొన్న ధరలో మూడో వంతుకి అమ్ముకున్నాను.

అప్పటినుంచి రిపోర్టును వెనకనుంచి చదువుతున్నాను. ముందు ఆడిటర్ నివేదిక, అందులో 'క్వాలిఫైడ్' అన్న మాట, అంటే లెక్కల మీద ఆడిటర్ అభ్యంతరం, ఉందేమో. తర్వాత క్యాష్ ఫ్లో. ఆ తర్వాత నోట్స్‌లో బాకీలు, యజమానుల సొంత కంపెనీలతో లావాదేవీలు, కోర్టుల్లో నలుగుతున్న పన్ను గొడవలు. చైర్మన్ ఉత్తరం, రంగుల ఫొటోలు ఓపిక మిగిలితే. ఒక షోరూముల కంపెనీ ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) 2019-20లో ఒక్కసారిగా ఉబ్బడం చూసి సంబరపడ్డాను. ఒక సాయంత్రమంతా తవ్వితే తేలిందేమిటంటే, లెక్కల నియమం మారి, 2019 ఏప్రిల్ నుంచి కట్టే అద్దెలో చాలా భాగం అద్దె ఖర్చుగా కాకుండా తరుగుదల, వడ్డీ కింద పడుతోంది. వ్యాపారం అంగుళం కూడా పెరగలేదు.

లోటుపాట్లూ ఉన్నాయి. ఫోనులో చదవడం అయ్యే పని కాదు. బ్యాంకులకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ మన డిపాజిట్ వాళ్లకు అప్పు, ఇచ్చిన లోను వాళ్ల ఆస్తి, క్యాష్ ఫ్లో చూసి తేల్చేదేమీ ఉండదు. ఇక అంకెలే అబద్ధమైతే నాలాంటివాడికి దొరకదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడేదాకా ఆ కంపెనీ పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు ఉన్నట్టే ఉంది. అందులో 5,040 కోట్లు లేనేలేవని ఆయనే రాశాడు. లేని డబ్బుకి వడ్డీ కూడా రాసుకున్నారు. ఆడిటర్ల సంతకాలు ఉన్న లెక్కలవి. మన హైదరాబాద్ కంపెనీ అని మా బంధువుల్లో సగం మంది ఆ షేర్లు పెట్టుకున్నవాళ్లే.

కొత్తవాళ్లు మొదట వంద, నూటయాభై పేజీల చిన్న కంపెనీ రిపోర్టు తీసుకోండి, అదీ మీరు వాడే సరుకు చేసేది. నేను పోయినవారం ఒక పైపుల కంపెనీది దించుకున్నాను. ఫోనులో చెబితే, బాకీల పేజీ ఒక్కటీ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపమన్నాడు నాన్న.