కూడికకు తొలి మెట్టు: చింతపిక్కలు, వేళ్ళు, పది గళ్ళ అట్ట, పాచికలు – ఏది మేలు?

చెన్నైలోని తెలుగు ఇళ్ళలో యూకేజీ చదివే బిడ్డ ఉంటే సాయంత్రం పూట కూడికల కాగితం ఒకటి తప్పకుండా సంచిలోంచి బయటికి వస్తుంది. దాని మీద మూడు మామిడిపండ్ల బొమ్మలు, పక్కన కూడిక గుర్తు, ఆ పక్కన మరో రెండు మామిడిపండ్లు, చివర ఒక ఖాళీ గడి ఉంటాయి. బిడ్డ పెన్సిలు మొనతో బొమ్మలన్నిటినీ ఒకటి నుంచి లెక్కపెట్టి గడిలో 5 వేస్తే టీచరు సరి అని గుర్తు పెడతారు. జవాబు సరైనదే, కాని అక్కడ జరిగింది లెక్కింపు మాత్రమే, కూడిక ఇంకా మొదలు కాలేదు. అందుకే కాగితాన్ని కాసేపు పక్కన పెట్టి చేతికి ఏదైనా వస్తువు ఇవ్వాలని అందరూ చెబుతారు. ఏ వస్తువు అన్న దగ్గరే అభిప్రాయాలు వేరవుతాయి: అమ్మమ్మ చింతపిక్కలు చాలంటుంది, బడిలో పూసలూ కడ్డీలూ అంటారు, వీధి చివర బోర్డు పెట్టినవారు అబాకస్ అంటారు.

వీటిని పోల్చేటప్పుడు ఏది అందంగా ఉంది, ఏది పిల్లలను ఎక్కువసేపు కూర్చోబెడుతుంది అని చూడడం కంటే, బిడ్డ లెక్క చేసే తీరును ఏది ముందుకు జరుపుతుంది అని చూడడం మంచిది. ఆ తీరులో మూడు దశలు కనిపిస్తాయి. మొదట, 4కు 3 కలపమంటే బిడ్డ నాలుగు పెట్టి, మూడు పెట్టి, అన్నిటినీ మళ్ళీ ఒకటి నుంచి లెక్కిస్తుంది. కొన్నాళ్ళకు ఆ నాలుగింటినీ తిరిగి లెక్కించనక్కరలేదని గ్రహించి "ఐదు, ఆరు, ఏడు" అని ముందుకు సాగుతుంది. ఆ తర్వాత, 3కు 3 కలిపితే 6 అని తెలుసు కనుక 4కు 3 కలిపితే 7 అని లెక్కించకుండానే చెబుతుంది. మొదటి దశకు దాదాపు ఏ వస్తువైనా సరిపోతుంది. అక్కడి నుంచి దాటించడంలోనే సాధనాల మంచిచెడ్డలు బయటపడతాయి. మొదట్లో బాగా ఉపకరించిన సాధనమే తర్వాత బిడ్డను అదే దశలో కట్టి ఉంచడం కూడా జరుగుతుంది. తొందరపడవలసిన అవసరం మాత్రం లేదు. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం లక్ష్యాల్లో బాలవాటికకు, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాదికి, నిర్ణయించినది 10 వరకు అంకెలను గుర్తించి చదవడం, వస్తువులనూ సంఖ్యలనూ వరుసలో అమర్చడం. చిన్న కూడికలూ తీసివేతలూ ఒకటో తరగతికి పెట్టినవి.

కూడికకు దిగేముందు చిన్న పరీక్ష ఒకటి చేసుకోవాలి. బిడ్డ ముందు ఆరు వస్తువులు పెట్టి లెక్కించమని, లెక్క ముగిశాక "మొత్తం ఎన్ని?" అని అడగాలి. "ఆరు" అని వెంటనే చెబితే చివరగా పలికిన సంఖ్యే మొత్తానికి గుర్తు అన్న సంగతి ఒంటబట్టినట్టు. సమాధానానికి బదులు మళ్ళీ మొదటి నుంచి లెక్కించడం మొదలుపెడితే, ఏ సాధనం తెచ్చినా కూడికకు ఇంకా వేళ కాలేదు.

చింతపిక్కల సంగతి ముందు చూద్దాం. సాంబారుకూ పులిహోరకూ చింతపండు పిసికే ఇళ్ళలో వీటికి పైసా ఖర్చు లేదు. నున్నగా ఉంటాయి, పిడికిట్లో ఇముడుతాయి, రంగుల బొమ్మల్లాగా దృష్టిని తమ వైపుకు లాక్కోవు. ఈ చివరి గుణం చిన్నది కాదు. ఏనుగు బొమ్మలనో కారు బొమ్మలనో కూడిక కోసం ఇస్తే బిడ్డ వాటితో కథ అల్లుకుంటుంది, లెక్క మరచిపోతుంది. అది దాని తప్పు కాదు, బొమ్మ ఉన్నది అందుకే. రెండు గిన్నెల్లోని పిక్కలను ఒకే పళ్ళెంలోకి ఒంపినప్పుడు కలపడం అంటే ఏమిటో కంటికీ చేతికీ ఒకేసారి తెలుస్తుంది, ఈ పనిలో వాటికి సాటి లేదు. లోపం కూడా అక్కడే ఉంది. పళ్ళెంలో పడ్డ ఏడు పిక్కలు చూడగానే ఏడు అని తెలియదు. మూడు నాలుగు వస్తువుల వరకే పిల్లలు చూపుతోనే ఎన్నో చెప్పగలరు. అంతకు మించితే, గుంపుకు ఒక అమరిక లేనప్పుడు, ఒకటి నుంచి లెక్కించక తప్పదు. కాబట్టి పిక్కలను వదులుగా ఇచ్చి ఊరుకుంటే బిడ్డ నెలల తరబడి మొదటి దశలోనే ఉండిపోగలదు.

దీనికి విరుగుడు వంటింట్లోనే ఉంది. నాలుగు పిక్కలు లెక్కించి పెట్టించి, వాటి మీద స్టీలు గ్లాసు బోర్లించి, పక్కన మరో రెండు వేసి "బుజ్జీ, గ్లాసు కింద ఎన్ని ఉన్నాయి? అన్నీ కలిపి ఎన్ని?" అని అడగాలి. దాచినవి కనబడవు కనుక వాటిని తిరిగి లెక్కించే వీలు లేదు. నాలుగును మనసులో నిలుపుకుని "ఐదు, ఆరు" అనక తప్పదు. కొందరు పిల్లలు గ్లాసు మీద నాలుగుసార్లు వేలితో తట్టి మరీ సాగుతారు. తట్టనివ్వాలి. కొన్నాళ్ళకు ఆ తట్టడం ఒక్కసారికి కుదించుకుపోతుంది, ఆ తర్వాత ఉండదు. వస్తువును చూపించడం కంటే సమయం చూసి దాచడం వల్ల ఎక్కువ పని జరిగే సందర్భం ఇది.

చింతపిక్కలతోనే మరో ఆట ఉంది, నా లెక్కలో అది ఈ వయసుకు అన్నిటికంటే విలువైనది. ఐదు పిక్కలను గరుకు గచ్చు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీయాలి; పాతకాలంలో గవ్వలు దొరకనప్పుడు అష్టాచెమ్మాకు ఇలాగే చేసుకునేవారు. ఆ ఐదింటినీ చేతిలో గలగలలాడించి విసిరితే మూడు తెల్లగా, రెండు నల్లగా పడతాయి. మరోసారి నాలుగు, ఒకటి. ఇంకోసారి ఐదూ తెల్లగానే పడి, నల్లనివి సున్నా అవుతాయి. మొత్తం ఎప్పుడూ ఐదే, విడిపోయే తీరు మారుతూ ఉంటుంది. సున్నాను కూడా కలుపుకుంటే ఐదుకు ఇలాంటి జతలు ఆరు ఉన్నాయి, ప్రతి విసురుకూ ఒకటి దానంతట అదే ఎదురవుతుంది. తెల్లవి ఎన్నో చూసి నల్లవాటిని చెప్పమంటే తీసివేతకు కూడా ఇక్కడే పునాది పడుతుంది. కాగితం మీది కూడికలో ప్రశ్నకు ఒకే జవాబు. ఇక్కడ జవాబు ముందే తెలుసు, ప్రశ్నే మారుతూ వస్తుంది. గవ్వలతోనూ ఇదే చేయవచ్చు, అయితే అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ బోర్లా పడితే ఎనిమిది అనే నియమం ఉంది కదా, కూడిక నేర్పేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి.

చెన్నైలో ఉన్నవారికి పల్లాంకుళి బల్ల తప్పకుండా గుర్తొస్తుంది. మన వామనగుంటలదే ఆ కుటుంబం: రెండు వరుసల్లో ఏడేసి చొప్పున పద్నాలుగు గుంటలు, వాటిలో పిక్కలో గవ్వలో. కూడిక కోసం దాన్ని కొందామనుకునే తల్లిదండ్రులకు మాత్రం కొంచెం ఆగమనే చెప్పాలి. గుంటకొకటి చొప్పున పంచుకుంటూ పోవడం ఆ ఆటలో ముఖ్యమైన పని. ఒక వస్తువుకు ఒక స్థానం అనే జ్ఞానానికీ, వేళ్ళ నేర్పుకూ అది చాలా మంచిది, కాని అది పంపకం, కలపడం కాదు. గుంటలో పిక్కలు నాలుగు కాగానే 'పసు' అని ఎత్తుకునే తమిళ పద్ధతిలో ఆడితే, మూడున్న గుంటలో ఒకటి పడితే నాలుగు అన్నంత వరకు కూడిక వస్తుంది. ఆటగా ఆడుకోవడానికి అద్భుతం. కూడికకు సాధనంగా రెండో వరుసలోనే కూర్చోవాలి.

వేళ్ళ విషయంలో చాలా ఇళ్ళలోనూ కొన్ని బడుల్లోనూ ఒక చిన్నచూపు ఉంది. వేళ్ళు విప్పితే లెక్క రానట్టు. ఈ వయసులో ఆ నిషేధానికి అర్థం లేదు. చేతికి ఐదు చొప్పున రెండు ఐదులు పుట్టుకతోనే అమరి ఉండడం వల్ల ఏడు అంటే ఒక నిండు చేయి, మరో రెండు వేళ్ళు అన్నది బిడ్డకు లెక్కించకుండానే తెలుస్తుంది. పిక్కలకు లేని అమరిక ఇదే. రెండో దశకు దాటడానికి కూడా వేళ్ళు ఒప్పుకుంటాయి: పెద్ద సంఖ్యను నోటితో చెప్పి, చిన్న సంఖ్యకే వేళ్ళు విప్పమంటే చాలు. ఒక జాగ్రత్త అవసరం. పెద్దవాళ్ళు బొటనవేలితో మిగతా వేళ్ళ గణుపులు తాకుతూ లెక్కించే పద్ధతి జపానికీ తిథులకూ సరిపోతుంది. గణుపుల్లో ఐదు గుంపు కనబడదు కనుక కూడిక మొదలుపెట్టే బిడ్డకు నిండు వేళ్ళే చూపాలి. రెండు సంఖ్యలకూ చెరో చేయి కేటాయించే అలవాటు వల్ల 6కు 3 కలపమన్నప్పుడు కొందరు పిల్లలు తడబడతారు, వేళ్ళకు ఉన్న అసలు పరిమితి అది.

పది గళ్ళ అట్ట అంటే అడ్డంగా ఐదు గళ్ళు, కింద మరో ఐదు గళ్ళు గీసిన అట్టముక్క. డజను గుడ్ల అట్టపెట్టెలో చివరి రెండు గుంతలు కత్తిరిస్తే మిగిలేది అదే. పై వరుస ఎడమ నుంచి నిండాకే కింది వరుసలోకి దిగాలన్నది ఒక్కటే నియమం. ఎనిమిది పిక్కలు పెడితే బిడ్డకు రెండు సంగతులు ఒకేసారి కనిపిస్తాయి: ఐదూ మూడూ కలిసిన ఎనిమిది, పదికి రెండు తక్కువైన ఎనిమిది. ఖాళీ గళ్ళు కూడా లెక్క చెప్పే సాధనం ఇంకొకటి ఇంత చవకగా లేదు. తర్వాతి సంవత్సరం 8కి 5 కలపవలసి వచ్చినప్పుడు ఐదులోంచి రెండు తీసి ముందు పది నింపి, మిగిలిన మూడుతో పదమూడు చేసే పద్ధతికి ఈ అట్టే దారి వేస్తుంది. పాతకాలపు పూసల పలకలోనూ, నెదర్లాండ్స్‌లో పుట్టి ఇప్పుడు ఎన్నో దేశాల బడుల్లో వాడుతున్న రెకెన్‌రెక్ అనే రెండు వరుసల పూసల చట్రంలోనూ ఇదే ఆలోచన ఉంది. రెకెన్‌రెక్‌లో వరుసకు ఐదు ఎర్రపూసలు, ఐదు తెల్లపూసలు. తీగకు గుచ్చిన పూసలు దొర్లిపోవు, తప్పిపోవు కూడా. కాని అట్ట మీద పిక్కను బిడ్డే ఎత్తి పెడుతుంది, ఎక్కడ పెట్టాలో అదే నిర్ణయిస్తుంది. ఇంటి వరకు అట్టకే నా ఓటు. కూడిక అంటే కలపడం అని ఇంకా తెలియని బిడ్డకు మాత్రం ఈ గళ్ళు నింపడం ఒక రంగుల పజిల్‌గానే మిగిలిపోతుంది, కాబట్టి గిన్నెలూ పళ్ళెమూ ముందు, అట్ట తర్వాత.

కడ్డీల సంప్రదాయానికి ఈ నగరంతో ప్రత్యేక సంబంధం ఉంది. తన పేరుతోనే బడుల పద్ధతి నెలకొల్పిన ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1939లో అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, యుద్ధం వల్ల 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆమె సంఖ్యా కడ్డీలు పది. అతి చిన్నది 10 సెంటీమీటర్లు, అతి పెద్దది ఒక మీటరు, ప్రతి 10 సెంటీమీటర్లకూ ఎరుపు, నీలం మారుతూ ఉంటాయి. తొమ్మిది కడ్డీ చివర ఒకటి కడ్డీని ఆనిస్తే పది కడ్డీతో సమానం కావడం బిడ్డ రెండు చేతులూ చాపి పట్టుకుని తెలుసుకుంటుంది. బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్యూజనేర్ చేసిన రంగు కడ్డీలు 1 నుంచి 10 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, వాటి మీద విభజన గీతలు ఉండవు. గీతలు లేకపోవడం వల్ల లెక్కించే వీలు పోయి, పొడవుల మధ్య సంబంధమే మిగులుతుంది. మూడో దశలో ఉన్న బిడ్డకు అది వరం, మొదటి దశలోని బిడ్డకు వట్టి రంగుపుల్లలు. బడిలో ఉంటే మంచిదే. ఇంటికోసం కొనవలసినంత అవసరం లేదు, మీటరు కడ్డీకి మన ఫ్లాట్లలో చోటూ ఉండదు.

పాచికల ఆటలకు ఉన్న బలం వేరు: కూడికను వందసార్లు చేసినా బిడ్డకు అది అభ్యాసంలాగా అనిపించదు. 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, 1 నుంచి 10 వరకు అంకెలు వరుసగా వేసిన పట మీద కొద్ది రోజులు ఆడిన చిన్నపిల్లల సంఖ్యాజ్ఞానం పెరిగింది. అంకెలకు బదులు రంగులు వేసిన పట మీద ఆడినవారిలో ఆ మార్పు రాలేదు. అంటే గడి మీద అంకె ఉండాలి, వరుస తిన్నగా ఉండాలి. వైకుంఠ ఏకాదశి రాత్రి జాగారానికి ఇక్కడి ఇళ్ళలో పరచే పరమపద సోపానపటం ఆ దృష్టితో చూస్తే ఐదేళ్ళ బిడ్డకు బరువే. గళ్ళు చాలా ఎక్కువ, వరుస ఒకసారి ఎడమ నుంచి కుడికి, మరోసారి కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. అపార్ట్‌మెంటు వరండాలో సుద్దముక్కతో ఇరవై గళ్ళు తిన్నగా గీసి, బిడ్డనే పావుగా నిలబెడితే అంతకన్నా మేలు. ఇక్కడ ఒక తప్పును కనిపెట్టి ఉండాలి: 3వ గడిలో నిలబడి నాలుగు గడులు వెళ్ళమంటే చాలామంది పిల్లలు తాము నిలబడ్డ గడినే ఒకటిగా లెక్కించి 6 దగ్గర ఆగిపోతారు. గడి దాటిన ప్రతిసారీ కొత్త గడి అంకెను, అంటే "నాలుగు, ఐదు, ఆరు, ఏడు" అని పలికిస్తే ఆ తప్పు పోతుంది, రెండో దశ లెక్కింపు కూడా అదే అలవడుతుంది. రెండు పాచికలతో ఆడేటప్పుడు ఒకదాని మీద చుక్కల బదులు అంకెలు అతికించాలి. రెండింటి మీదా చుక్కలే ఉంటే బిడ్డ అన్నీ లెక్కిస్తుంది; ఒకదాని మీద 5 అన్న అంకె పడితే లెక్కించడానికి చుక్కలు లేవు కనుక ఐదు దగ్గర నుంచే ఎత్తుకోవాలి. స్టీలు గ్లాసు చేసిన పనే ఇది, ఆట రూపంలో.

అబాకస్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. జపాన్ పద్ధతి చట్రంలో పైనున్న ఒక్క పూస ఐదుకు సమానం, కింద నాలుగు పూసలు ఒక్కొక్కటి. ఒక పూసను చూసి ఐదు అనుకోవాలంటే ఐదు అనే గుంపు ముందుగా మనసులో గట్టిపడి ఉండాలి. మనం నేర్పబోతున్నదే అది. ఏడెనిమిదేళ్ళకు ఇష్టంగా నేర్చుకుంటే అడ్డు చెప్పనక్కరలేదు, యూకేజీలో కూడికకు తొలి సాధనంగా మాత్రం ఇది సరిపోదు.

కనుక ఒక ఇంట్లో ఒకే బిడ్డకు, కొనేదేమీ లేకుండా మొదలుపెట్టాలంటే వదులు పిక్కలతో రెండు మూడు వారాలు, ఆ వెంటనే గ్లాసూ అరగదీసిన పిక్కలూ, ఆ తర్వాత పది గళ్ళ అట్ట అన్న వరుసే నాకు సరైనదనిపిస్తుంది; వేళ్ళు మొదటి నుంచి చివరి వరకు తోడుంటాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసే ఇంట్లో పాచికల ఆటను ముందుకు తేవాలి, ఎందుకంటే పక్కవాడి లెక్క తప్పితే పట్టుకోవడానికి పిల్లలు చూపే శ్రద్ధ మరెక్కడా చూపరు. పక్కింటి తమిళ పిల్లలు ఆటలో కలిస్తే ఒక ఆట మొత్తం ఒకే భాషలో లెక్కించాలని ముందే అనుకోవాలి; బడి ఇంగ్లీషు, ఇంటి తెలుగు, వీధి తమిళం మధ్యలో మారితే ముందుకు లెక్కించే వరుస తెగిపోతుంది.

ఇంట్లో మూడేళ్ళలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే పిక్కలూ గవ్వలూ నేల మీదికి తేకూడదు. నోట్లోకో ముక్కులోకో పోతే ప్రమాదం. పెద్దవారి అరచేతి అంత వెడల్పున అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి, ఒకవైపు రంగు వేస్తే అరగదీసిన పిక్కల పని అవీ చేస్తాయి. పది గళ్ళను మాత్రం అట్ట మీద కాక గచ్చు మీద పెద్దవిగా గీసుకోవాలి.