షిల్లాంగ్‌లో మిగిలిన ఒక సాయంత్రం

మేఘాలయ యాత్రల పట్టికల్లో షిల్లాంగ్‌కు దక్కేది ఒక పూట. మధ్యాహ్నం గువాహటిలో దిగడం, దారిలో ఉమియం జలాశయం దగ్గర ఆగి ఫొటోలు తీసుకోవడం, రాత్రి షిల్లాంగ్‌లో పడుకుని తెల్లవారగానే సోహ్రాకు, అంటే చెరపుంజికి, బయలుదేరడం. మేము కూడా అలాగే వేసుకున్నాం. మే 21 నుంచి 25 వరకు, నేను, నా భార్య, పదో తరగతి పరీక్షలు రాసిన మా అమ్మాయి. ఆ పట్టిక నాలుగో రోజున తప్పింది. తప్పింది కాబట్టే, ముప్పై ఏళ్లుగా క్యాసెట్‌లో వింటూ వచ్చిన లూ మజావ్‌ను పది గజాల దూరం నుంచి విన్నాను.

లూ మజావ్ 1947లో పుట్టిన ఖాసీ తెగ గాయకుడు, గిటారిస్టు. గ్రేట్ సొసైటీ అనే బ్యాండుతో ఈశాన్యంలో రాక్ సంగీతానికి పెద్ద దిక్కయ్యారు. వయసులో ఉండగా కోల్‌కతాలో కొన్నేళ్లు వాయించారు. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పాట ఆయన చెవిన పడింది అక్కడే. 1972 నుంచి ప్రతి ఏడాదీ మే 24న, డిలన్ పుట్టినరోజున, ఆయన పాటలతో కచేరీ చేస్తూ వస్తున్నారు. డిలన్‌కు 2016లో సాహిత్య నోబెల్ వచ్చేనాటికి షిల్లాంగ్‌లో ఆ వేడుకకు నలభై నాలుగేళ్లు నిండాయి.

తొంభైలలో వరంగల్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉన్న కుర్రవాడిది షిల్లాంగ్. అతని దగ్గర ఎవరో కచేరీలో రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి ఉండేది. మొదట్లో జనం గోల, ఒక కుర్చీ పడిన చప్పుడు, తర్వాత ఇసుక కాగితంతో రుద్దినట్టుండే ఒక గొంతు. డిలన్ పాటలు నేను మొదట విన్నది ఆ గొంతులోనే. చాలా రోజుల తర్వాత అసలు డిలన్‌ను విన్నప్పుడు, ఈయనెవరో మజావ్ పాటలు పాడుతున్నారే అనిపించింది. ఆ క్రమం నా మనసులో ఇప్పటికీ మారలేదు.

ఇక ప్రయాణం. హైదరాబాద్ నుంచి గువాహటికి నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి షిల్లాంగ్ దాదాపు వంద కిలోమీటర్లు. దారి బాగుంది, సగానికి పైగా వెడల్పాటి రోడ్డు. షేర్ సుమోలో వెళ్తే డబ్బు కలిసివస్తుంది కానీ, మనుషులు నిండేవరకు కదలదు, మధ్య వరుసలో నలుగురిని కూర్చోబెడతారు. ముగ్గురు ఉంటే కారును ‘రిజర్వ్’ చేసుకోవడమే మేలు. ఆ మాట అక్కడ అందరికీ అర్థమవుతుంది. షేరా, రిజర్వా అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. నాంగ్‌పోలో టీ కోసం ఆగినప్పుడు రోడ్డు పక్కన కోసి ఉప్పూ కారం చల్లి ఇచ్చే అనాసను వదలకండి. ఉమియం దాటాక షిల్లాంగ్ చేరడానికి మాకు గంటకు పైగా పట్టింది. ఊరంతా ఇరుకైన ఘాట్ రోడ్డు, దాని మీద తట్టుకోలేనన్ని బండ్లు. విమానం పట్టుకోవాల్సిన రోజు ఈ జాప్యాన్ని తప్పకుండా లెక్క వేసుకోవాలి.

మొదటి రాత్రి పోలీస్ బజార్‌లో దిగాం. ఊరివాళ్లు ఆ చోటును ఖిండైలాడ్ అంటారు. అన్నిటికీ దగ్గర అని ఆన్‌లైన్‌లో చూసి తీసుకున్న హోటలు అది. దగ్గరే, కాదనను. కానీ కిటికీ కింద రాత్రి పదకొండింటి దాకా హారన్లు, గదిలో తేమ వాసన, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. ఇచ్చిన డబ్బుకు ఆ గది తగదు. కౌంటర్‌లోని అబ్బాయిని, టాక్సీ డ్రైవరును, పుస్తకాల షాపాయనను ఆ సాయంత్రమే అడిగాను, ఈ ఏడాది డిలన్ కచేరీ ఎక్కడ అని. ఒకరు ఊళ్లో లేదన్నారు, ఒకరు వేరే ఊరికి మారిందన్నారు. 24న మాకు దావ్‌కీ దగ్గర నది ఒడ్డున గుడారం బుక్ అయి ఉంది. మా అమ్మాయి మూడు నెలలుగా అక్కడి పడవల ఫొటోలు చూస్తూ ఎదురుచూస్తోంది. నేను ఆ విషయం ఇక తీయలేదు.

సోహ్రాలో రెండు రోజులు. నోహ్‌కలికాయ్ జలపాతం ఎత్తు 340 మీటర్లని బోర్డు మీద చదువుకుని, పొగమంచు ముందు నలభై నిమిషాలు నిలబడ్డాం. ఐదు నిమిషాలు తెర తొలగింది. ఆ ఐదు నిమిషాలూ మాటల్లో పెట్టలేను. నాంగ్రియాట్‌లో బతికున్న చెట్టు వేళ్లతో అల్లిన రెండంతస్తుల వంతెనకు టిర్నా నుంచి మూడు వేలకు పైగా మెట్లు. దిగడం కాదు, తిరిగి ఎక్కడం చూసుకోవాలి. మా ఆవిడ మోకాళ్ల నొప్పి వల్ల పైనే ఆగింది, నేనూ అమ్మాయీ వెళ్లాం. పైన వెదురు కర్రలు అద్దెకు ఇస్తారు, తీసుకోండి. ఉదయం ఏడింటికే దిగడం మొదలుపెడితే మధ్యాహ్నం వానకు ముందే పైకి రావచ్చు.

24 ఉదయం సోహ్రాలో మూటలు సర్దుతుండగా ఫోను. రాత్రి వానకు నది పొంగింది, గుడారాలు తీసేశాం, రావద్దు అని. వానకు నేను ఎవరినీ తప్పు పట్టను. నన్ను బాధపెట్టింది వేరు. అద్దంలా అడుగు కనిపించే ఆ నది నవంబరు నుంచి మార్చి వరకే అలా ఉంటుంది. మే వచ్చేసరికి వానలతో మట్టి రంగుకు తిరుగుతుంది. ఆ సంగతి తెలిసి కూడా మే నెలకు బుకింగ్ తీసుకుని, శీతాకాలపు ఫొటోలు పంపారు. కట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది, నాలుగు సార్లు ఫోను చేయాల్సి వచ్చింది. అమ్మాయి కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

షిల్లాంగ్‌కు తిరిగివచ్చాక మళ్లీ పోలీస్ బజార్‌కు వెళ్లబుద్ధి కాలేదు. మా డ్రైవరు లైతుమ్‌ఖ్రా అనే పేటలో తనకు తెలిసిన ఇంటికి తీసుకెళ్లాడు. ఏటవాలు సందులో, రేకుల కప్పుతో, ముందు పూలకుండీలతో ఉన్న పాత చెక్క ఇల్లు. పైన రెండు గదులు యాత్రికులకు ఇస్తారు. ఇంటావిడను డ్రైవరు ‘కాంగ్’ అని పిలిచాడు, అంటే అక్క. మేమూ అలాగే పిలిచాం. ఖాసీలలో వంశం తల్లి పేరుతో సాగుతుంది, పుట్టింటి ఇల్లు చివరి కూతురికి వస్తుంది. ఈ ఇల్లు ఆమెకు అలా వచ్చినదే. మగవారిని గౌరవంగా ‘బాహ్’ అంటారని కూడా ఆమే చెప్పారు.

ఈ బస గురించి నిండు మనసుతో చెబుతున్నాను. గది చిన్నదే, కానీ దుప్పటి ఎండలో ఆరిన వాసన వచ్చింది. ఏ వేళ అడిగినా వేడినీళ్లు. అద్దె పోలీస్ బజార్ హోటలులో కట్టినదానికి సగం కంటే కొంచెం ఎక్కువ. భోజనం ముందే చెప్పాలి. జాదో అంటే మాంసంతో వండే అన్నం. నేను కోడిమాంసంది తిన్నాను. పక్కన తుంగ్‌తాప్, అంటే ఎండుచేపల పచ్చడి. మన వైపు తిన్న నాలుకకు అది పరాయిది కాదు. శాకాహారి అయిన నా భార్యకు పప్పు, బంగాళాదుంపల కూర వేరే గిన్నెలో వండి పెట్టారు. ఊళ్లో చిన్న జాదో కొట్లలో మాత్రం శాకాహారులకు దొరికేది తక్కువ. ఇది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

మూడున్నరకు ఎర్ర టీ పోస్తూ కాంగ్ మామూలుగా అన్నారు, "సాయంత్రం మా మేనల్లుడు బాస్ గిటార్ వాయిస్తున్నాడు, పై వీధి స్కూలు హాల్లో. బాహ్ లూ పాడతారు. వస్తారా?"

కప్పు కింద పెట్టాను. నా భార్య నా ముఖం చూసి, "ఏమండీ, ఆయనేనా?" అంది. అవునన్నట్టు తల ఊపగలిగాను, అంతే.

ఐదింటికి అన్నారు, ఆరున్నరకు మొదలైంది. ప్రవేశం ఉచితం. రెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు, వెనక నిలబడినవాళ్లు ఇంకో వంద మంది. యూనిఫారం మార్చుకోని బడి పిల్లలు, తాంబూలం నములుతున్న పెద్దవాళ్లు, తడి గొడుగులు. వేదిక మీద బ్యానరు కూడా లేదు. నాకు సమాధానం చెప్పలేకపోయిన ముగ్గురినీ అప్పుడు అర్థం చేసుకున్నాను. ఇది ఊరివాళ్లు తమ కోసం చేసుకునే వేడుక, ఒక నోటి నుంచి ఇంకో నోటికి తెలుస్తుంది. పర్యాటకుల పుస్తకాల్లోకి ఎక్కదు.

లూ మజావ్ పక్క తలుపు నుంచి వచ్చారు. భుజాలు దాటిన తెల్లని జుట్టు, తొడల పైకి కత్తిరించిన జీన్స్ నిక్కరు, రెండు కాళ్లకు రెండు రంగుల మేజోళ్లు. ఫొటోల్లో చూసిన రూపమే. కానీ ఫొటోల్లో కనిపించనిది ఆ కదలిక. డెబ్బై దాటిన మనిషి మొదటి పాటకే గిటారుతో గాలిలోకి ఎగిరారు. దిగినప్పుడు చెక్క వేదిక దద్దరిల్లింది. ఆ చప్పుడు నా పాదాలకు అందింది. ముప్పై ఏళ్లు విన్న క్యాసెట్‌లో ఆ పాట నడుమ ఒక చోట ధడేలుమని మోత వస్తుంది. టేపు లోపం అనుకునేవాణ్ని.

నిజం చెప్పాలంటే మొదటి మూడు పాటల్లో మాటలు వినబడలేదు. డ్రమ్స్ మోత గొంతును మింగేసింది. చిన్న హాలు, రేకుల కప్పు, దాని మీద వాన. నాలుగో పాటకు ఎవరో సౌండు మీటలు సరిచేశారు. అప్పుడు గొంతు బయటపడింది. వయసు దాన్ని బొంగురు చేసింది, పై స్వరాల దగ్గర ఊపిరి తెగుతోంది. ఊపిరి తెగిన చోట ఆయన పాడటం ఆపి, చేయి చాచారు. హాలు అందుకుంది. పదేళ్ల పిల్లలకు కూడా చరణాలన్నీ కంఠతా వచ్చు. పుట్టినప్పటి నుంచి ఏటా వింటున్నారు మరి.

విరామంలో మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఈయనకు సొంత పాటలు లేవా? వేరేవాళ్ల పాటలు పాడితే అది కాపీ కదా?" సొంత పాటలున్నాయి, ఆ రోజు రెండు పాడారు కూడా. కానీ ఆ ప్రశ్న నాకు నచ్చింది, దాన్ని తేలిగ్గా వదలాలనిపించలేదు. తిరువయ్యారు గుర్తుచేశాను. పుష్య బహుళ పంచమి నాడు కావేరి ఒడ్డున వందల మంది కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు. చాలామంది మాతృభాష తెలుగు కాదు. త్యాగరాజును అనుకరిస్తున్నారని ఎవరైనా అంటారా? తమ నోట ఆ కీర్తన బతుకుతోందని పాడతారు. కొండల మధ్య ఈ ఊరు ఎక్కడో అమెరికాలో పుట్టిన పాటను యాభై ఏళ్లకు పైగా ఏటా తన నోటితో బతికించుకుంటోంది. ఇది అనుకరణ కాదు, ఆరాధన. మా అమ్మాయి ఏమీ అనలేదు. రెండో సగంలో మాత్రం ముందు వరుస పిల్లల మధ్యకు వెళ్లి నిలబడింది. దావ్‌కీ సంగతి మళ్లీ ఎత్తలేదు.

చివరి పాటకు ముందు నా పాత గది మిత్రుడికి ఫోను చేశాను. అతను ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాడు. ఏమీ చెప్పకుండా ఫోనును వేదిక వైపు పట్టుకున్నాను. పాట అయ్యాక చెవి దగ్గర పెట్టుకుంటే, అవతల అతను ఇంకా పాడుతూనే ఉన్నాడు, ఒక లైను వెనకగా.

మజావ్‌తో మాట్లాడలేదు. పిల్లలు చుట్టుముట్టారు, ఒక ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది. తలుపు దాకా వెళ్లి, ఆ రోజే నేర్చుకున్న ‘ఖుబ్లే’ అన్నాను. నమస్కారానికీ కృతజ్ఞతకూ వాళ్లకు అదే మాట. ఆయన తల తిప్పి చూసి చేయి ఎత్తారు. చాలు నాకు.

వెళ్లాలనుకునేవారికి రెండు మాటలు. మే 24 నాటికి షిల్లాంగ్‌లో ఉండండి, లైతుమ్‌ఖ్రాలోనో ఆ చుట్టుపక్కలో ఎవరి ఇంట్లోనైనా దిగండి, ఆ ఇంటివాళ్లను అడగండి. వేరే నెలలో వెళ్లినా ఒక సాయంత్రం ఊరికి వదలండి. 2003లో మొదలైన సోల్‌మేట్ బ్యాండు, షిల్లాంగ్ ఛాంబర్ కాయిర్ అనే బృందగాన బృందం ఈ ఊరివే. ఏదో ఒక కేఫేలో ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటూనే ఉంటారు. ఆదివారం మాత్రం చాలా కొట్లు మూసి ఉంటాయి. పగలు ఖాళీ ఉంటే మావ్‌లాయ్‌లోని డాన్ బాస్కో మ్యూజియం చూడండి. ఏడు అంతస్తులు, మూడు గంటలైనా కావాలి. మేము గంటలో ముగించాల్సి వచ్చింది.

రాత్రి ఎనిమిది దాటితే టాక్సీలు దొరకడం కష్టం. ఇది గట్టిగా గుర్తుంచుకోండి. కచేరీ ముగిసేసరికి తొమ్మిది. వాన తగ్గలేదు. ఒక్క గొడుగు కింద ముగ్గురం ఆ ఏటవాలు సందులో దిగాం, అమ్మాయి ముందు, పాడుకుంటూ. కాంగ్ మాకంటే ముందే ఇల్లు చేరి వరండాలో దీపం వెలిగించి ఉంచారు. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి.