టైలర్ స్టేట్ పార్క్: చెరువు బంగారం, మోటెల్ దండగ

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని మాల్స్ చుట్టూ తిప్పి విసిగిపోయిన డాలస్ వాళ్ళు టైలర్ స్టేట్ పార్క్‌కి వెళ్ళండి. ఐ-20 మీద తూర్పుగా రెండు గంటలు చాలు. రాత్రి ఉండాలంటే మాత్రం ముందే పార్క్ లోపల క్యాబిన్ చూసుకోండి.

మాకు లోపల దొరకలేదు. హైవే పక్క మోటెల్లో ఆన్‌లైన్‌లో 79 డాలర్లన్న గది, పన్నులూ క్లీనింగ్ ఫీజూ కలిపి కౌంటర్ దగ్గర 118 అయింది. ఏం క్లీనింగో మరి, దుప్పటి తియ్యగానే ఎవరిదో జుట్టు. బాత్రూంలో బొద్దింక. ఫ్రిజ్‌కి మోతే గానీ చలవ లేదు, అత్తయ్యగారు కలిపి తెచ్చిన పెరుగన్నం పొద్దుటికి పులిసిపోయింది. గది మార్చమంటే కౌంటర్ కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా "మేనేజర్ సోమవారం వస్తాడు" అన్నాడు. అత్తయ్యగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రాత్రంతా కుర్చీలోనే గడిపారు. పొద్దున కార్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

పార్క్ టికెట్ తలకి 6 డాలర్లు, 12 ఏళ్ళ దాకా పిల్లలకి ఫ్రీ. వీకెండ్ అయితే ముందే బుక్ చేసుకోవాలి. ఎత్తైన పైన్ చెట్ల మధ్య 64 ఎకరాల చెరువు. 1930ల మాంద్యంలో పనుల్లేని కుర్రాళ్ళకి పని కల్పించడానికి ప్రభుత్వం పెట్టిన దళం దీనికి కట్ట వేసిందని చెబితే, "ఉపాధి హామీ చెరువన్నమాట" అన్నారు మావయ్యగారు.

టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీంచో పియర్ (నీళ్ళలోకి కట్టిన వంతెనలాంటి బల్ల) మీంచో చేపలు పడితే లైసెన్సు అక్కర్లేదు. ఏ చేప ఎంత సైజుది, ఎన్ని ఉంచుకోవచ్చన్న రూల్స్ మాత్రం ఉంటాయి. ఐడీ చూపిస్తే ఆఫీసులో కర్ర, రీలు, బెండ్లు ఊరికే ఇచ్చారు. ఎర మనదే. దారిలో బంకులో వానపాముల డబ్బా నాలుగున్నర డాలర్లు.

మావయ్యగారిది కోనసీమ. రీలు ఎలా తిప్పాలో నేను చూపించబోతే "నువ్వు తప్పుకో బాబూ" అన్నారు. వానపాముని గోటితో తుంచి, మొన కనపడకుండా గాలానికి ఎక్కించి, పియర్ స్తంభం నీడలో వదిలారు. బెండు వణికింది. పక్కకి జారింది. ఆయన కదల్లేదు. నిలువునా మునిగాక మణికట్టు చిన్నగా తిప్పారంతే, నారింజ రంగు పొట్టతో అరచెయ్యంత బ్లూగిల్ చేప పైకొచ్చింది. ఆ తర్వాత వరసే. పెద్ద పెట్టెల సామానుతో వచ్చిన పక్కాయన తను పట్టబోయిన బాస్ చేపల సంగతి మానేసి ఈయన్నే చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్యగారు అప్పుడు నోరు విప్పారు: "ఇంకో నాలుగు పట్టండి, ఇవి ఏ మూలకి?"

ముళ్ళెక్కువ, పులుసు కన్నా వేపుడే మేలు. ఐస్ పెట్టె మాత్రం మీదే తెచ్చుకోండి, మోటెల్ ఫ్రిజ్‌లని నమ్ముకోకండి.