అలారం గడియారానికి కాలం ఎవరు లెక్కపెట్టాలి: డీఎస్1307, డీఎస్3231, ఇంటర్నెట్‌లలో ఏది మేలు?

ఇంట్లోనే అలారం గడియారం తయారుచేసుకోవాలనుకునేవారు డిస్‌ప్లే ఎంపిక దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతారు. నిజానికి నాలుగంకెల టీఎం1637 అయినా, మామూలు ఎల్‌సీడీ అయినా సరిపోతుంది. ముందుగా తేల్చుకోవలసింది కాలాన్ని ఏది లెక్కపెట్టాలన్నది.

ఆ పనిని గడియారాన్ని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో ఊనోకే అప్పగిస్తే ఖర్చు ఉండదు. అయితే దానిలో లయను అందించే భాగమైన సిరామిక్ రెసొనేటర్‌లో అర శాతం వరకు తేడా ఉండవచ్చు, అంటే రోజుకు 432 సెకన్లు. కరెంటు పోయి వస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

కాలాన్ని లెక్కపెట్టడానికే తయారైన డీఎస్1307 చిప్‌కు బటన్ సెల్ ఉంటుంది కనుక కరెంటు పోయినా సమయం నిలుస్తుంది. అయితే లయ కోసం దానికి బయట తగిలించే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌లో 20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) తేడా ఉంటే నెలకు దాదాపు 52 సెకన్లు తప్పుతుంది. ఈ క్రిస్టళ్లు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతాయి కాబట్టి, మన వేసవిలో గది 40 డిగ్రీలకు చేరితే నెలకు మరో 20 సెకన్ల వరకు వెనకబడతాయి. అదే పని చేసే మరో చిప్ డీఎస్3231లో క్రిస్టల్ లోపలే ఉంటుంది. చిప్ తన ఉష్ణోగ్రతను తానే కొలుచుకుని సవరించుకోవడం వల్ల 0 నుంచి 40 డిగ్రీల మధ్య తేడా 2 పీపీఎం దాటదు, అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం. పైగా డీఎస్1307లో లేని అలారాలు ఇందులో రెండు ఉన్నాయి. కొంచెం ధర ఎక్కువైనా నేను దీన్నే ఎంచుకుంటాను.

ఇక ఇంటర్నెట్ సంగతి. వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు, నెట్‌లో సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్ నుంచి తెచ్చుకున్న ప్రపంచ ప్రామాణిక సమయానికి (యూటీసీ) 19,800 సెకన్లు కలిపితే భారత కాలమానం వస్తుంది. ఖచ్చితత్వంలో దీనికి సాటి లేదు. కానీ అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చాక నెట్ రాకపోతే, ఆ బోర్డుకు సమయమే తెలియదు, తెల్లవారుజామున అలారం మోగదు. అందుకే నెట్‌ను రోజుకొకసారి డీఎస్3231ను సరిదిద్దడానికి వాడుకోవడమే మంచిది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. డీఎస్3231ను అమర్చి అమ్మే జెడ్‌ఎస్-042 మాడ్యూల్‌లో చార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది. చార్జ్ చేయకూడని సీఆర్2032 సెల్ వేసి 5 వోల్టులు ఇస్తే ఆ సెల్ ఉబ్బిపోవచ్చు. గాజు డయోడ్ పక్కన 201 అని రాసి ఉన్న చిన్న రెసిస్టర్‌ను టంకం కరిగించి తీసేస్తే ఆ ప్రమాదం ఉండదు.

బటన్ సెల్ సమయాన్ని నిలుపుతుంది గానీ బజర్‌ను మోగించలేదు. కరెంటు లేనప్పుడు కూడా అలారం మోగాలంటే బోర్డుకు వేరే బ్యాటరీ కావాలి. తక్కువ కరెంటు లాగితే తమంతట తామే ఆగిపోయే పవర్ బ్యాంకులు అందుకు పనికిరావు.