స్ట్రీట్ ఫైటర్ 30వ యానివర్సరీ కలెక్షన్: ఆకారంలోనే ఆటతీరు

క్యాప్‌కామ్ సంస్థ 2018లో విడుదల చేసిన ఈ వీడియో గేమ్‌ల సంకలనంలో 1987 నాటి మొదటి ‘స్ట్రీట్ ఫైటర్’ మొదలుకొని 1999 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’ వరకు 12 ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే యంత్రాల) ఆటలు ఉన్నాయి. వాటిని వరుసగా ఆడినప్పుడు, ఈ సిరీస్ ఇన్నేళ్లు నిలవడానికి మూలం పాత్రల రూపకల్పనే అన్న నా నమ్మకం మరింత బలపడింది. యోధుడి ఆకారం చూడగానే అతనితో ఎలా ఆడాలో, అతన్ని ఎలా ఎదుర్కోవాలో సగం అర్థమైపోతుంది.

మొదటి ఆటను చరిత్ర కోసం ఒకసారి చూస్తే చాలు. అసలు సంపద 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’తో మొదలవుతుంది. అందులో మనం ఎంచుకోగలిగిన యోధులు ఎనిమిది మందే అయినా, నల్లని నీడగా గీసినా ఎవరు ఎవరో చెప్పేయవచ్చు. కొండలాంటి జాంగీఫ్ ప్రత్యర్థిని చేతికి చిక్కించుకుంటే తప్ప గెలవలేడు. అందుకే అతనితో ఆడే ఆట అంతా ఎలాగైనా దగ్గరకు చేరాలన్న తపనతోనే సాగుతుంది. బక్కచిక్కిన ధాల్సిమ్ అందుకు పూర్తిగా భిన్నం. అతని చేతులూ కాళ్లూ రబ్బరులా సాగి దూరాన ఉన్నవాడిని సైతం తాకుతాయి, కానీ సాగిన చేయి కూడా అతని దేహమే కనుక దానిపై దెబ్బ పడితే నష్టపోయేదీ అతనే. బలాన్నీ బలహీనతనూ ఒకే గీతలో చూపించిన ఇంత చక్కని రూపకల్పన ఫైటింగ్ గేమ్‌లలో అరుదు. చిత్రకారుడు అకిరా యసుదా చేతిలో రూపుదిద్దుకున్న చున్-లీ విషయమూ అంతే: బలమంతా కాళ్లలోనే ఉందని ఆమె నిలబడిన తీరే చెబుతుంది.

సంకలనంలోని మ్యూజియం విభాగాన్ని దాటవేయకూడదు. తొలినాటి చిత్తు చిత్రాలతో పాటు, పాత్రల కదలికలను ఒక్కొక్క ఫ్రేమ్‌గా ఆపి చూసే సదుపాయం అక్కడ ఉంది. ‘థర్డ్ స్ట్రైక్’లో ఊరికే నిలబడి ఉన్న ర్యూ దుస్తుల్లోని కదలికను అలా ఆపి చూస్తే, చేత్తో గీసిన ఆ బొమ్మల వెనుక ఎంత ఓర్పు ఉందో తెలుస్తుంది. ఆ స్పష్టత అందం కోసమే కాదు. 2004లో ఈవో అనే ఫైటింగ్ గేమ్‌ల పోటీలలో ఇదే ఆటలో, తాను ఆడుతున్న కెన్ అనే యోధుడి ప్రాణశక్తి దాదాపు అడుగంటిన స్థితిలో, డైగో ఉమెహారా అనే ఆటగాడు ప్రత్యర్థి జస్టిన్ వాంగ్ ఆడిన చున్-లీ తన్నులన్నిటినీ ఒక్కొక్కటిగా కాచుకొని తిప్పికొట్టగలిగాడంటే, ఏ తన్ను ఎప్పుడు తగులుతుందో తెర మీద అంత తేటగా కనిపించడమూ అందుకు ఒక కారణమే.

లోపాలూ లేకపోలేదు. ‘స్ట్రీట్ ఫైటర్ 2’ రూపాలు ఐదు ఉండటం వల్ల కొంత పునరుక్తి తప్పదు. ఆన్‌లైన్‌లో ఆడే వీలు నాలుగు ఆటలకే పరిమితం. అన్నీ ఆర్కేడ్ రూపాలే కావడంతో, ‘స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 3’ ఇంటి కన్సోళ్లకు వచ్చినప్పుడు అదనంగా చేరిన ఫే లాంగ్, డీ జే వంటి యోధులు ఇక్కడి ‘ఆల్ఫా 3’లో కనిపించరు. పాత్రలే ప్రాణమైన సిరీస్‌కు ఇది చిన్న లోటు కాదు.