కువైట్ కరెంటు: ఏడేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

కువైట్‌లోని ఫర్వానియాలో అద్దెకుంటూ ఏడేళ్లుగా వాడుతున్న విద్యుత్ సేవకు మార్కులు వేయమంటే, నాణ్యతకు ఐదుకు నాలుగున్నర, ధరకు ఒకటిన్నర వేస్తాను. ధర ఎక్కువై కాదు, మరీ తక్కువై.

మే నెలలో వేసిన ఏసీ అక్టోబరు దాకా ఆగదు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు వేసవిలో సలసలా కాగుతాయి కాబట్టి, స్విచ్ ఆపేసిన గీజరులో నిలవ ఉన్న నీళ్లతో స్నానం చేసే ఊరిది. అంత ఎండలోనూ ఓల్టేజి పడిపోయి ఏసీ మూలిగిన రోజు నాకు గుర్తు లేదు. అపార్ట్‌మెంట్లకు 2017 నుంచి యూనిట్ 5 ఫిల్సులు, అంటే వెయ్యి యూనిట్లకు 5 దినార్లు, మన లెక్కలో 1,400 రూపాయల పైమాటే; కువైటీల సొంత ఇళ్లకైతే 1966 నాటి 2 ఫిల్సులే నేటికీ నడుస్తున్నాయి. రాయచోటిలో మా అమ్మ శ్లాబు మారిపోతుందని అర్ధరాత్రి లేచి ఏసీ ఆపుతుంది; ఇక్కడ మా పక్కింటివాళ్లు నెల రోజులు ఊరికి పోతూ కూడా ఏసీ వేసే పోతారు.

ఈ చవక కరెంటుకు వాడే ఇంధనం మాత్రం చవకది కాదు. ఇక్కడి సహజవాయువులో అధిక భాగం ముడిచమురుతో పాటే పైకి వస్తుంది కనుక, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ పెట్టిన కోటా కోసం చమురు తగ్గిస్తే గ్యాసూ తగ్గుతుంది. అందుకే 2009 నుంచి ఎల్‌ఎన్‌జీని, అంటే చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువును, ఓడల మీద తెప్పించుకుంటున్నారు. ఏడాదికి 2.2 కోట్ల టన్నుల సామర్థ్యంతో ఆ ఓడల గ్యాసును దింపుకునే అల్ జోర్ టెర్మినల్ 2021లో మొదలైంది. ఏటా 30 లక్షల టన్నుల చొప్పున ఖతర్‌తో 2020లో ఒకటి, 2024లో ఒకటి, పదిహేనేళ్ల ఒప్పందాలు రెండు కుదిరాయి. అమ్ముకోగలిగిన ముడిచమురును బాయిలర్లలో తగలబెట్టడం కంటే ఇదే మేలు కాబట్టి ఈ దిగుమతిని నేను తప్పుపట్టను.

గ్యాసు వచ్చినంత మాత్రాన విద్యుత్ కేంద్రాలు పెరగవు కదా. 2024 జూన్‌లో వాడకానికి తగిన ఉత్పత్తి లేక ప్రాంతాలవారీగా రెండు గంటల వరకు కోతలు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ పెట్టారు. టీవీలో విద్యుత్ లోడు చూపే ముల్లు ఎరుపు వైపు జరిగిందంటే చాలు, మా బిల్డింగు హారిస్ (కాపలాదారు) మెట్ల దగ్గర నిలబడి లిఫ్టు ఎక్కవద్దని అందరికీ చెబుతాడు. నా అద్దెలోనే కరెంటు కలిసి ఉంటుంది. మా మీటరు నేలమాళిగలో ఉందన్న సంగతి, ఒక కోత రోజున అతను టార్చి పట్టుకుని కిందికి దిగుతుంటే గాని నాకు తెలియలేదు.