రెండు డైమెన్షన్ల టర్బులెన్స్‌కి సూడో-స్పెక్ట్రల్ పద్ధతి: ఏళ్ల తరబడి వాడాక

టర్బులెన్స్ (ద్రవాల అల్లకల్లోల ప్రవాహం) లెక్కకి, గ్రిడ్ మీదే పనిచేసే ఫైనైట్ డిఫరెన్స్, ఫైనైట్ వాల్యూమ్ కోడ్‌లు కూడా వాడాను. కానీ అన్ని వైపులా పీరియాడిక్‌గా ఉండే (ఒక అంచు దాటితే ఎదుటి అంచులోంచి లోపలికి వచ్చే) చదరపు డొమైన్ అయితే నా ఓటు సూడో-స్పెక్ట్రల్‌కే, అంటే డెరివేటివ్‌లని ఫోరియర్ తరంగాల్లో, గుణకారాలని గ్రిడ్ మీద చేసే పద్ధతికే. కాలంతో పాటు ముందుకు నడపాల్సిన చలరాశి ఒక్కటే, వోర్టిసిటీ (ద్రవం ఏ చోట ఎంత సుడి తిరుగుతోందో చెప్పేది). వేగాన్ని ఇచ్చే స్ట్రీమ్ ఫంక్షన్ కావాలంటే ఫోరియర్ స్పేస్‌లో తరంగ సంఖ్య వర్గంతో భాగించి, గుర్తు మారిస్తే వచ్చేస్తుంది. ప్రెజర్ కోసం వేరే సాల్వర్ రాసే తలనొప్పి లేదు. కోడ్ అంతా కలిపి రెండు మూడు పేజీలు దాటదు. రన్ టైమ్‌లో ఎక్కువ భాగం ఎఫ్ఎఫ్‌టీలే (గ్రిడ్‌కీ ఫోరియర్ స్పేస్‌కీ మధ్య మార్చే లెక్కలు) తింటాయి.

నాన్‌లీనియర్ పదం దగ్గర ఎలియాసింగ్ వస్తుంది, అంటే గ్రిడ్ పట్టుకోలేని చిన్న తరంగాలు పెద్ద తరంగాల వేషంలో కనబడి లెక్క పాడుచేస్తాయి. 1971లో గణితవేత్త ఓర్జాగ్ చెప్పిన 2/3 నియమమే (అన్నిటికన్నా చిన్న తరంగాల మూడో వంతుని సున్నా చేసేయడం) ఇప్పటికీ సులువైన మందు. 1024×1024 గ్రిడ్ పెట్టుకున్నా వాడుకోగలిగేది 341వ తరంగ సంఖ్య వరకే. వృథా అనిపిస్తుంది, అయినా తీసేయొద్దు. పైగా రిజల్యూషన్ రెట్టింపు చేస్తే పాయింట్లు 4 రెట్లవుతాయి, టైమ్ స్టెప్ సగమవుతుంది. అంటే ఖర్చు 8 రెట్ల పైమాటే.

నాకు అస్సలు నమ్మకం లేనిది హైపర్‌విస్కాసిటీ, అంటే చిన్న స్కేళ్లనే గట్టిగా అణిచే కృత్రిమ విస్కాసిటీ. మామూలు విస్కాసిటీ పదంలోని లాప్లాసియన్ బదులు దాని నాలుగో ఘాతం పెడితే చిన్న గ్రిడ్ మీద కూడా బొమ్మ అదిరిపోతుంది, సన్నటి పోగులు పదునుగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే, బయటి ఫోర్సింగ్ (ప్రవాహాన్ని కదిలిస్తూ ఉండే బలం) లేనప్పుడు మామూలు విస్కాసిటీతో గరిష్ఠ వోర్టిసిటీ పెరగడానికి వీల్లేదు. హైపర్‌విస్కాసిటీకి ఆ కట్టుబాటు లేదు. సుడుల అంచుల్లో మొదట లేనంత పెద్ద విలువలు పుట్టుకొస్తాయి. ఏ స్కేల్‌లో ఎంత ఎనర్జీ ఉందో చూపే స్పెక్ట్రమ్ వాలు మాత్రమే కావాలంటే వాడుకోవచ్చు. సుడుల బలం కొలవాలంటే మామూలు విస్కాసిటీ, పెద్ద గ్రిడ్ తప్పవు.

ఫోర్సింగ్ పెట్టినప్పుడు సంగతి వేరు. భౌతిక శాస్త్రవేత్త క్రైక్నన్ 1967లో చెప్పినట్టు ఎనర్జీ పెద్ద స్కేళ్ల వైపు −5/3 వాలుతో, ఎన్‌స్ట్రఫీ (వోర్టిసిటీ వర్గంతో కొలిచేది) చిన్న స్కేళ్ల వైపు −3 వాలుతో వెళ్లాలి. పెద్ద స్కేళ్ల దగ్గర డ్రాగ్ (ప్రవాహాన్ని నెమ్మదింపజేసే ఘర్షణ) లేకపోతే ఎనర్జీకి పోయే దారి ఉండదు. డొమైన్ సైజుకు చేరి, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు భారీ సుడులుగా పేరుకుపోతుంది. ఆ తర్వాత −5/3 కోసం వెతకడం దండగ. −3 కూడా పాఠ్యపుస్తకంలో ఉన్నంత శుభ్రంగా రాదు, కాస్త నిటారుగానే వస్తుంది. రెండు వాలులూ ఒకే రన్‌లో చూడాలంటే మామూలు మెషీన్ల వల్ల కాదు. ఫోర్సింగ్‌ని స్పెక్ట్రమ్‌లో ఒక కొసకు జరిపి, ఒక్కోదాన్ని విడిగా చూడటమే నయం.

గోడలు, అడ్డంకులు ఉన్న ప్రవాహమైతే దీని జోలికి పోకండి. ఫోరియర్ తరంగాల బదులు చెబిషెవ్ పాలినామియల్స్ ఓ దారి, కానీ ఈ పద్ధతిలో ఉన్న సుఖం అక్కడ ఉండదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంకొకటి. థ్రెడ్ల సంఖ్య మారిస్తే రౌండింగ్ మారి, ఆ చిన్న తేడా పెరిగి, కొంతసేపటికి సుడులు వేరే చోట్ల కనిపించొచ్చు. టెన్షన్ పడక్కర్లేదు, కోడ్‌లో బగ్ అనుకోనక్కర్లేదు. పోల్చాల్సింది స్పెక్ట్రమ్‌లనీ, ఎనర్జీ, ఎన్‌స్ట్రఫీ లెక్కలనీ. అవి కూడా కుదరకపోతే అప్పుడు బగ్ వెతకండి.